వైజాగ్‌లో పౌడర్ బ్లూ టాంగ్ కొంటున్నారా? ముందు అది తినడం చూడండి

ఊళ్లో ఉప్పునీటి ట్యాంకు పెట్టుకున్నవాళ్ల కోసం రాస్తున్నాను. పోయిన నెల ఇక్కడి ఒక అక్వేరియం షాపులో 6,500 పెట్టి పౌడర్ బ్లూ టాంగ్ అనే సముద్రపు చేపని కొన్నాను. తొమ్మిదో రోజుకి చచ్చిపోయింది. షాపు పేరు రాయను. నాకు చెప్పిన మాటలే మీకూ చెబుతారు కాబట్టి అవి మాత్రం రాస్తాను.

"మూడడుగుల ట్యాంకు చాలు సార్, చిన్న చేపే కదా" అన్నారు. నేను కొన్నది అరచేయంత కూడా లేదు, నిజమే. కానీ పెరిగితే 20 సెంటీమీటర్లు దాటుతుంది. లక్షద్వీప్, అండమాన్ పగడపు దిబ్బల మీద రోజంతా ఈదుతూ నాచు గీక్కు తినే జాతి ఇది. ఆరడుగుల ట్యాంకైనా లేకుండా ఎందుకు తెచ్చావని తెలిసినవాళ్లు తర్వాత చీవాట్లు పెట్టారు.

"ఆర్కే బీచ్ నీళ్లు క్యాన్లతో తెచ్చుకోండి, సాల్ట్ ఖర్చు మిగులుతుంది" అని ఇంకో సలహా. అది మాత్రం వినలేదు. వానలు పడితే ఒడ్డు నీళ్లలో ఉప్పు తగ్గిపోతుంది, ఊరి మురుగు సంగతి సరేసరి.

అసలు తప్పు నాదే. మేత వేసి చూపించమంటే "ఇప్పుడే తింది సార్" అన్నాడు కుర్రాడు. కడుపు లోపలికి పోయి ఉంది, అంటే సరిగ్గా తినట్లేదని, నాకు కనబడుతూనే ఉంది. కానీ ఆ లేత నీలం ఒళ్లు, నల్ల మొహం, వీపు మీద పసుపు రెక్క చూశాక బుర్ర పనిచేస్తుందా? ఎప్పుడొచ్చిందంటే, నిన్న రాత్రే చెన్నై నుంచి దిగిందట. అడ్వాన్సిచ్చి, రెండు వారాలు షాపులోనే ఉంచమని చెప్పి, ఆ తర్వాత నా కళ్లముందు నోరి ఆకు (ఎండబెట్టిన సముద్రపు నాచు) తింటేనే తెచ్చుకోవాల్సింది.

నాలుగో రోజు ఒంటినిండా ఉప్పు చల్లినట్టు తెల్లచుక్కలు. ఈ చుక్కలు తెచ్చే పరాన్నజీవి పౌడర్ బ్లూకి మరీ తొందరగా పట్టుకుంటుంది. కాపర్ మందు వేయాలి, కానీ మెయిన్ ట్యాంకులో వేస్తే పగడాలు, రొయ్యలు చస్తాయి. విడి ట్యాంకు అప్పటికప్పుడు కొనుక్కొచ్చాను. వలతో పడితే తోక మొదట్లో ఉండే ముల్లు వలకి చిక్కుకుంది. విడిపించబోతే నా వేలు తెగింది. తోకకి రెండు పక్కలా కత్తిలాంటి ముల్లు ఉంటుంది, ఈ రకం చేపలకి సర్జన్ ఫిష్ అన్న పేరు అందుకే. వల వద్దు, ప్లాస్టిక్ డబ్బాతో పట్టండి.

షాపుకి ఫోన్ చేస్తే "మీ నీళ్లే బాలేదు సార్" అన్నారు. బిల్లు మీద చేప పేరు లేదు, తేదీ కూడా లేదు.

మొన్న ఆదివారం అటు వెళ్లాను. అదే ట్యాంకులో ఇంకో పౌడర్ బ్లూ ఉంది. దాని కడుపూ లోపలికే ఉంది.