ఫ్రాన్స్‌లోని ఆల్సాస్‌లో "క్వైట్ రోడ్స్" సైకిల్ టూర్ బుక్ చేస్తున్నారా? డబ్బు కట్టేముందు ఇది చదవండి

నిన్న రాత్రే తిరిగొచ్చాం. నిద్ర పట్టక పొద్దున్నే కూర్చుని రాస్తున్నాను. సెప్టెంబర్‌లో ద్రాక్షకోతల సమయానికి వెళ్దామని ఇప్పటికే బుకింగులు చేసుకుంటున్నవాళ్ళు మనలో కొంతమందైనా ఉంటారు, వాళ్ళ కోసం ఇది. కంపెనీ పేరు రాయడం లేదు. ఫిర్యాదు పెట్టాను, అది తేలేదాకా రాయను. ఫ్రాన్స్‌లో గైడ్ లేని సైకిల్ టూర్ల కోసం వెతికినవాళ్ళకి వాళ్ళ యాడ్ కనబడే ఉంటుంది. కొండవాలు, ద్రాక్షతోట, ఖాళీ రోడ్డు, దాని మీద ఒకే ఒక్క సైకిల్. "సామాను మేం చేరుస్తాం, మీరు తొక్కితే చాలు" అని కింద రాసి ఉంటుంది. ఆ కంపెనీయే.

వెళ్ళింది నేను, మా ఆవిడ, మా అక్క. కొల్మార్‌లో మొదలుపెట్టి మళ్ళీ కొల్మార్‌కే రావాలి. హోటళ్ళు, సైకిళ్ళు, సామాను వ్యాన్, ఫోన్లో వేసుకునే దారి ఫైలు, అన్నీ కలిపి ఒకటే ప్యాకేజీ. మామూలు ప్యాకేజీ మీద మనిషికి 120 యూరోలు ఎక్కువ కట్టి "క్వైట్ రోడ్స్", అంటే రద్దీ లేని రోడ్ల ప్యాకేజీ, తీసుకున్నాం. అది అక్క కోసం. ఆమె నలభై దాటాక సైకిల్ నేర్చుకుంది. ఎత్తులకి, ఎండకి, వానకి దేనికీ జంకదు. వెనక నుంచి లారీ వస్తే మాత్రం చేతులు బిగుసుకుపోతాయి. ఈ సంగతి బుకింగ్ అప్పుడే మెయిల్లో స్పష్టంగా రాశాను. "మీరు టెన్షన్ పడక్కర్లేదు, మీ దారిలో పెద్ద రోడ్డు అసలు తగలదు" అని జవాబిచ్చారు. ఆ మెయిల్ భద్రంగా ఉంది.

మొదట్లో గొడవేమీ లేదు. ఎగిషైమ్, టుర్క్‌హైమ్ మీదుగా హాయిగానే సాగింది. అసలు కథ కైసెర్స్‌బెర్గ్ నుంచి బయల్దేరిన పొద్దున మొదలైంది. ఆ రోజు దారి వోజ్ కొండల్లోకి ఎక్కి, ఫ్రేలాన్ కనుమ దాటి, ఓబ్యూర్ ఊరి మీదుగా అడవిలోంచి రిబోవిల్లేకి దిగాలి. కనుమ ఎత్తు 831 మీటర్లు. ఎక్కడం అక్కకి ఇష్టమే, అందుకే ఆ రోజు కోసం అందరికంటే ఎక్కువ ఎదురుచూసింది ఆమే.

ఊరు దాటగానే ఫైలు మమ్మల్ని తీసుకెళ్ళి డి415 మీద పడేసింది. ఆ రోడ్డు తెలియనివాళ్ళకి ఒక మాట: కొల్మార్ వైపు నుంచి బోనోమ్ కనుమ మీదుగా కొండల అవతల సాన్ దియే వైపుకి వెళ్ళే ముఖ్యమైన రోడ్డు అది. లారీలు ఆగకుండా నడుస్తాయి. ఫ్రాన్స్‌లో ఊరి బయట సైకిల్‌ని దాటేటప్పుడు బండి మీటరున్నర దూరం వదలాలని చట్టం ఉంది. ఎదురుగా ఇంకో లారీ వస్తుంటే ఆ మీటరున్నర ఎవరు వదులుతారు? ఒక ట్యాంకర్ మమ్మల్ని దాటుతుంటే ఆ గాలికే అక్క సైకిల్ ఊగిపోయింది. రోడ్డు పక్క మట్టిలోకి దిగి ఆగిపోయింది. "ఒరేయ్, ఇది మనం డబ్బు కట్టిన దారి కాదురా" అంది. అప్పటికే మొహం పాలిపోయింది. మా ఆవిడ ఆమెను మధ్యలో పెట్టుకుని, నేను వెనక తొక్కుతూ, ఫ్రేలాన్ వైపు మలుపు వచ్చేదాకా ఎలాగో లాక్కొచ్చాం.

మలుపు తిరిగాక మళ్ళీ ప్రశాంతమే. పచ్చిక బయళ్ళు, తర్వాత అడవి. కనుమ మీద కాసేపు కూర్చుని, నీళ్ళు తాగి, "పోనీలే, కష్టమైనది అయిపోయింది" అనుకున్నాం.

ఓబ్యూర్ దాదాపు 800 మీటర్ల ఎత్తులో ఉంటుంది. అక్కణ్ణుంచి రిబోవిల్లేకి 500 మీటర్లకు పైగా దిగాలి, ఎక్కువ భాగం అడవి మలుపుల్లోనే. దిగడం మొదలైన కాసేపటికి అక్క సైకిల్ నుంచి కీచుమని చప్పుడు. బ్రేకు ప్యాడ్లు తడిసినప్పుడు వచ్చే చప్పుడు కాదది, ఇనుము ఇనుముని కోస్తున్న చప్పుడు. వెనక బ్రేకు పట్టుకుంటే చప్పుడు పెరుగుతోంది, వేగం తగ్గడం లేదు. ముందు బ్రేకు మీద బరువంతా వేసి, మలుపు లోపలి పక్క గడ్డిలోకి తిప్పి ఆపుకుంది. నేను చేరేసరికి సైకిల్ కింద పడి ఉంది, ఆమె పక్కనే కూర్చుని మోకాళ్ళు పట్టుకుని ఉంది. దెబ్బలు తగల్లేదు. వెనక చక్రం బ్రేకు డిస్క్ దగ్గరికి చెయ్యి పెడితే వేడి కొట్టింది.

వాళ్ళిచ్చిన ఎమర్జెన్సీ నంబర్‌కి ఫోన్ చేశాను. ముగ్గురం వినాలని స్పీకర్ పెట్టాను. ఎత్తినతను ఇంగ్లిష్ బాగానే మాట్లాడాడు, కాబట్టి భాష అర్థం కాకపోవడం అనే ప్రశ్నే లేదు. ఎక్కడున్నామో, ఏం జరిగిందో చెప్పాను. ఇంకో సైకిల్ పంపమన్నాను, లేకపోతే వ్యాన్ పంపమన్నాను. వ్యాన్ సామాను పనిలో ఉంది, సాయంత్రం దాకా రాదన్నాడు. సరే, మేం ఏం చెయ్యాలి అన్నాను. "ముందు బ్రేకు ఉందిగా, దాంతో మెల్లగా దిగండి. చాలామంది అలాగే దిగారు" అన్నాడు.

చాలామంది అలాగే దిగారట. అంటే ఇలా జరగడం ఇది మొదటిసారి కాదన్నమాట. ఆ మాట అన్నానని అతనికి కోపం వచ్చింది. "బుకింగ్ ఫారంలో మీ అనుభవం ఎంత అని అడిగాం. మీతో ఉన్న ఆవిడకి దిగడం రాకపోతే అది మా సైకిల్ తప్పు కాదు" అన్నాడు. అక్క వింటూనే ఉంది. ఒక్క మాట అనలేదు, తల పక్కకి తిప్పుకుంది. ఎన్నో ఏళ్ళ భయాన్ని పట్టుబట్టి జయించి, అంత కనుమ తనంతట తాను తొక్కి ఎక్కిన మనిషి. పావుగంట క్రితం ఆమె మొహంలో ఉన్న సంతోషం ఆ ఒక్క మాటతో ఆరిపోయింది. డబ్బు పోయినందుకు నాకు ఇంత కోపం లేదు. ఆ మాటకి ఉంది. ఇది రాస్తుంటే ఇప్పటికీ చేతులు వణుకుతున్నాయి.

పొద్దున లారీల రోడ్డు సంగతి కూడా అప్పుడే అడిగాను. "ఆ దారి బాగానే ఉంటుంది, మా వాళ్ళు రోజూ అందులోనే తిరుగుతారు" అని ఫోన్ పెట్టేశాడు. ఈ మాట గుర్తుపెట్టుకోండి.

సైకిళ్ళు నడిపించుకుంటూ చాలా దూరం దిగాం. చివరికి ట్రాలీ కట్టిన బండిలో వెళ్తున్న ఒక ద్రాక్షరైతు ఆగి, అక్కనీ ఆమె సైకిల్‌నీ ఎక్కించుకుని రిబోవిల్లేలో దింపాడు. ఆయనకి ఇంగ్లిష్ రాదు, మాకు ఫ్రెంచ్ రాదు. డిస్క్ చూసి తల అడ్డంగా ఊపాడు, అంతే. డబ్బు ఇవ్వబోతే తీసుకోలేదు. అక్కడ సైకిల్ మెకానిక్ వెనక చక్రం విప్పి, ప్యాడ్లు రెండూ తీసి నా అరచేతిలో పెట్టాడు. వాటి మీద ప్యాడ్ అనేదే లేదు. ఉత్త ఇనుప రేకులు, మెరుస్తున్నాయి. మధ్యలో ఉండే సన్నటి స్ప్రింగ్ కూడా అరిగి వంకరపోయింది. రేకు పైన ఉండే పొర మందం అర మిల్లీమీటరుకి వచ్చేసరికే ప్యాడ్లు మార్చెయ్యాలి. ఇలా అరగడానికి ఒక రోజు చాలదని, ఇది మీకు ఇచ్చేనాటికే అయిపోయిందని అతనే అన్నాడు. ముందు ప్యాడ్లు కూడా చివరికొచ్చాయి. అన్నీ మార్పించాం. ఆ రేకులు ఇప్పుడు నా బల్ల మీదే ఉన్నాయి.

ఆ సాయంత్రం హోటల్లో దారి ఫైలుని లాప్‌టాప్‌లో తెరిచాను. మర్నాడు కూడా పెద్ద రోడ్డు ఉందేమో ముందే చూసుకుందామని. ఇలాంటి దారి ఫైళ్ళని జీపీఎక్స్ అంటారు, వాటిలో ఒక్కోసారి ప్రతి బిందువు పక్కన సమయం కూడా ఉండిపోతుంది, చాలామంది దాన్ని చూడరు. ఇందులో ఉంది. డి415 మీద ఆ గీత గంటకి 70, 75 కిలోమీటర్ల వేగంతో కదిలింది. కైసెర్స్‌బెర్గ్‌లో మేమున్న హోటల్ దగ్గర ముందు గుమ్మానికి పోకుండా వెనక సందులోకి తిరిగి, సామాను దించే గేటు దగ్గర కొన్ని నిమిషాలు ఆగి, వచ్చిన దారినే బయటికొచ్చింది. ప్రతి హోటల్ దగ్గరా అంతే. అది సైకిల్ దారి కాదు. వాళ్ళ సామాను వ్యాన్ తిరిగిన దారి. "మా వాళ్ళు రోజూ తిరుగుతారు" అన్నది నిజమే, వ్యాన్‌లో తిరుగుతారు. మనిషికి 120 యూరోలు ఎక్కువ తీసుకుని, లారీ అంటే భయమని రాతపూర్వకంగా చెప్పిన మనిషికి, వ్యాన్ డ్రైవర్ ఫోన్లోంచి తీసిన గీత అంటగట్టారు.

మర్నాటి నుంచి ఆ ఫైలు మూసేశాం. ఆల్సాస్‌లో ద్రాక్షతోటల గుండా ప్రభుత్వం వేసిన సైకిల్ దారి ఉంది, వెలోరూట్ ద్యు వీన్యోబ్ల్ అంటారు. యూరోవెలో 5 అనే దూరప్రయాణ మార్గంలో అది భాగం. తెలుపు-ఆకుపచ్చ బోర్డులు మలుపు మలుపుకీ ఉంటాయి. దాన్ని పట్టుకుని వెళ్ళాం. రిబోవిల్లే, హునావిర్, రిక్విర్ మధ్య తోటల్లోంచి పోయే సన్నదారుల్లో తోటల వాళ్ళ ట్రాక్టర్లు తప్ప బండ్లు దాదాపు లేవు. ట్రాక్టర్ నడిపేవాళ్ళే పక్కకి తీసి మమ్మల్ని పోనిచ్చారు. ఒకపక్క గోడలా వోజ్ కొండలు, రెండోపక్క రైన్ మైదానం. మేఘాలు ఆ కొండలకి అవతలే చాలావరకు కురిసేస్తాయి, అందుకే ఇటు కొల్మార్ వైపు వాన తక్కువ, రీస్లింగ్, గెవుర్ట్స్‌ట్రామినర్ ద్రాక్ష ఇంత బాగా పండుతుంది. హునావిర్‌లో తోటల మధ్య మెట్ట మీద కోటగోడ కట్టిన పాత చర్చి కనబడుతుంది. ఆ గోడ దగ్గర అక్క సైకిల్ ఆపి చాలాసేపు కూర్చుంది. మేం పలకరించలేదు. లేచాక "పదండి" అని తనే ముందు తొక్కింది. ఇంత మంచి దారి, నయాపైసా కట్టక్కర్లేనిది, పక్కనే పెట్టుకుని మమ్మల్ని లారీల మధ్యకి తోశారు. నాకు అర్థం కానిది అదే. దీన్ని ఇచ్చినా వాళ్ళకి పోయేదేమీ లేదు. ఒక పూట కూర్చుని గీత గియ్యాలి, అంతే.

ఇక కొల్మార్‌లో సైకిళ్ళు తిరిగిచ్చేటప్పుడు. ప్యాడ్లకి మేం కట్టిన డబ్బు బిల్లుతో సహా చూపించాం. "మా అనుమతి లేకుండా రిపేరు చేయించారు, ఇవ్వం" అన్నారు. ఆ పైన డిస్క్ మీద గాట్లు పడ్డాయని డిపాజిట్‌లోంచి 60 యూరోలు కోసుకున్నారు. వాళ్ళ అరిగిన రేకులు కోసిన గాట్లకి మా దగ్గర వసూలు! రేకులు కౌంటర్ మీద పెట్టాను. అక్కడున్న అమ్మాయి వాటివైపు చూడను కూడా చూడలేదు, రసీదు ప్రింట్ తీసి ఇచ్చి "నెక్స్ట్" అంది.

చెయ్యగలిగింది చేస్తున్నాను. హోటల్, సైకిల్, సామాను కలిపి ఒకే ధరకి అమ్మితే ఐరోపాలో అది ప్యాకేజీ ట్రావెల్ చట్టం కిందికి వస్తుంది, 2018 జులై 1 నుంచి అమల్లో ఉంది. సైకిళ్ళు ఇంకో షాపువాళ్ళవి అని తప్పించుకోవడం కుదరదు, అమ్మినవాడిదే బాధ్యత. కాకపోతే ఇబ్బంది వచ్చిన వెంటనే వాళ్ళకి తెలియజేయాలి. ఫోన్ పెట్టేయగానే అదే విషయం ఫోటోలతో మెసేజ్ కూడా పెట్టమని మా ఆవిడ చెప్పింది, అది ఇప్పుడు ఉపయోగపడుతోంది. ఫ్రెంచ్ ప్రభుత్వం నడిపే సిగ్నల్‌కోన్సో సైట్‌లో ఫిర్యాదు నమోదు చేశాను. 60 యూరోల మీద కార్డు బ్యాంకుకి డిస్ప్యూట్ వేశాను. ఐరోపాలో వేరే దేశంలో ఉండేవాళ్ళైతే మీ దేశంలోని యూరోపియన్ కన్స్యూమర్ సెంటర్‌కి రాయొచ్చు.

బుక్ చేసేవాళ్ళు డబ్బు కట్టకముందే జీపీఎక్స్ ఫైలు అడగండి. "ఇవ్వం" అంటే ఆ కంపెనీని వదిలెయ్యండి. ఇస్తే మ్యాప్ మీద వేసి డి415, డి83 లాంటి పెద్ద రోడ్ల మీద ఎంతసేపు ఉందో చూడండి. సైకిల్ చేతికిచ్చినప్పుడు ఫోన్ టార్చ్ వేసి రెండు చక్రాల ప్యాడ్లూ చూడండి, డిస్క్‌నీ ప్యాడ్‌నీ అక్కడే ఫోటో తియ్యండి. కొండ దిగే రోజు ఉంటే మరీ ముఖ్యం.

ఇదే కంపెనీతో ఇప్పటికే కట్టేసినవాళ్ళు ఉంటే నాకు మెసేజ్ పెట్టండి. వాళ్ళిచ్చిన ఫైలు పంపిస్తాను, మీకొచ్చినదాంతో పోల్చి చూసుకోండి. రెండూ ఒకటే అయితే ఆ సంగతి నాకు రాయండి, నా ఫిర్యాదుకి జత చేస్తాను.