షుగర్ పుండు: కట్టు ఒక్కటే చాలా, సర్జరీ కూడా చేయించాలా?

అరికాలి ముందు భాగంలో, బొటనవేలి మొదట్లో వచ్చే షుగర్ పుండు ఎంత డ్రెస్సింగ్ చేసినా మానడం లేదంటే, ముందు చూడాల్సింది ఆయింట్‌మెంట్‌ని కాదు, నడకని. స్పర్శ పోయిన పాదానికి నొప్పి తెలియదు. అడుగు వేసిన ప్రతిసారీ బరువంతా అదే చోట పడుతుంది. చుట్టూ ఆనికాయ కడుతుంది, దాని కిందే మాంసం నలిగిపోతుంది.

ఆ బరువు తప్పించడానికి మొదటి దారి మోకాలి కింది నుంచి వేళ్ల దాకా వేసే పిండికట్టు లాంటి గట్టి కట్టు. కోత లేదు, మత్తు లేదు. సుమారు వారానికోసారి మారుస్తారు. ఇష్టమొచ్చినప్పుడు విప్పే వీలుండదు, దాని బలం అదే. చాలామందికి కొన్ని వారాల్లో పుండు మూసుకుపోతుంది.

మరి కట్టు తీశాక పుండు మళ్లీ రాకుండా ఉంటుందా? మోకాలు చాచి పాదాన్ని పైకి వంచి చూడండి. కొందరికి గోడకు తగిలినట్టు ఆగిపోతుంది. ఏళ్ల తరబడి షుగర్ వల్ల మడమ వెనక ఉండే అకిలిస్ టెండన్ (పిక్క కండరాన్ని మడమ ఎముకకి కలిపే తాడు లాంటిది) బిగుసుకుపోయి, బరువుని ముందుకు నెడుతుంది. సర్జరీలో చర్మం మీద చిన్న గాట్లు పెట్టి ఆ టెండన్‌ని కాస్త సాగదీస్తారు. ఆ తర్వాత కట్టు ఎలాగూ తప్పదు.

2003లో వచ్చిన ఒక అధ్యయనంలో 64 మందిని రెండు గుంపులు చేసి, ఒక గుంపుకి కట్టు మాత్రమే వేసి, రెండో గుంపుకి ఈ సర్జరీ కూడా చేసి చూశారు. పుండు మానడంలో తేడా పెద్దగా లేదు. మానినవాళ్లలో ఏడు నెలలకి మళ్లీ పుండు పడింది కట్టు ఒక్కటే వేసినవాళ్లలో 59 శాతం మందికి, సర్జరీ కూడా అయినవాళ్లలో 15 శాతానికి. రెండేళ్లకి 81, 38. ఒకసారి మానిన పుండు మళ్లీ తెరుచుకుంటే ఇంట్లో ఎంత టెన్షనో పడ్డవాళ్లకే తెలుసు. అందుకే పాదం బిగుసుకుపోయి, పుండు తిరగబెడుతున్నవాళ్లకి నేను సర్జరీ వైపే మొగ్గుతాను.

అయితే టెండన్ మరీ సాగితే బరువు మడమ మీదికి మారి అక్కడ పుండు పడొచ్చు. మడమ పుండు మాన్పడం ఇంకా కష్టం. పాదానికి రక్తం సరిగా అందనప్పుడు ముందు రక్తనాళాల సంగతి చూడాలి, ఈ కోత జోలికి వెళ్లకూడదు.

వంకర తిరిగిన వేలి కొసన పుండైతే ఇంత ఆలోచన అక్కర్లేదు. వేలి కింది టెండన్‌ని సూదితోనే తెంపేస్తారు, కొద్ది నిమిషాల పని. వేలు చాపుకుంటుంది, కొస నేలకి రాసుకోదు. పక్క వేళ్ల మీద బరువు పడుతోందేమో మాత్రం కనిపెట్టుకుని ఉండాలి.