హోస్టెడ్ వెబ్‌లేట్: కోడ్ రాయకుండా తెలుగులో కమిట్ చేయాలంటే

బెంగళూరులో ఉద్యోగం చేసుకుంటూ ఓపెన్ సోర్స్‌కి చేతనైనంత చేయాలనుకునే తెలుగువాళ్లకు ముందు చూపించాల్సింది హోస్టెడ్ వెబ్‌లేట్, అంటే యాప్‌ల్లోని మాటల్ని బ్రౌజర్‌లోనే అనువదించే సైటు. 2012లో మొదలైన ఈ అనువాద సాధనం కూడా స్వేచ్ఛా సాఫ్ట్‌వేరే. ఆండ్రాయిడ్ స్వేచ్ఛా యాప్‌ల స్టోరు ఎఫ్-డ్రాయిడ్ అనువాదాలు ఇక్కడే జరుగుతాయి. ఆఫీసు పనుల సాఫ్ట్‌వేర్ లిబ్రేఆఫీస్ ఇదే సాధనాన్ని తన సొంత సైటులో వాడుతోంది. అనువాదకులు పైసా కట్టనక్కర్లేదు.

ఇంగ్లీషు వాక్యం కింద పెట్టెలో తెలుగు రాసి సేవ్ నొక్కితే చాలు, అది మీ పేరుతోనే గిట్‌లో (కోడ్ మార్పుల చరిత్ర దాచే సాధనంలో) కమిట్ అవుతుంది, అంటే మార్పుగా నమోదవుతుంది. గిట్ ఆదేశాలు ఒక్కటీ రానక్కర్లేదు. కాకపోతే వెంటనే కాదు: మామూలు సెట్టింగులో మార్పులు 24 గంటల దాకా ఆగి, తర్వాత ఒక్కసారిగా వెళ్తాయి. యాప్‌లో కనబడాలంటే తర్వాతి విడుదల రావాలి. కనబడలేదని మళ్లీ మళ్లీ రాయకండి.

మొదటి సేవ్‌కి ముందే ప్రొఫైల్‌లో కమిట్ ఈమెయిల్ సరిచూసుకోండి. కమిట్‌లో పేరుతోపాటు చిరునామా కూడా అందరికీ కనిపిస్తుంది, తర్వాత మార్చుకున్నా పాత కమిట్లలో పాతదే ఉంటుంది. ఆఫీసు మెయిల్, ఆఫీసు లాప్‌టాప్ ఈ పనికి వాడొద్దు. బయటి ప్రాజెక్టులకు పనిచేయడం గురించి మీ ఉద్యోగ ఒప్పందంలో ఏముందో ముందే చదువుకోవడం మంచిది.

వెబ్‌లేట్ అసలు బలం తనిఖీల్లో ఉంది. శాతం గుర్తుతోనో మీసాల బ్రాకెట్లతోనో ఉండే ప్లేస్‌హోల్డర్‌ను (యాప్ నడిచేటప్పుడు పేరో సంఖ్యో వచ్చి చేరే గుర్తును) మీరు వదిలేసినా, తప్పుగా కొట్టినా హెచ్చరిస్తుంది. ఈ తప్పు చిన్నది కాదు, దాంతో యాప్ ఆ తెర దగ్గరే ఆగిపోవచ్చు. చివరి చుక్క, అదనపు ఖాళీ, ముగియని ట్యాగ్ కూడా పట్టేస్తుంది. ఏకవచనానికీ బహువచనానికీ వేర్వేరు పెట్టెలిస్తుంది: 1 ఫైలు, 5 ఫైళ్లు. సున్నా బహువచనం లెక్కలోకే వస్తుంది.

తెలుగుకు అసలు చిక్కు ఇక్కడే, దాన్ని ఏ తనిఖీ పట్టలేదు. ప్లేస్‌హోల్డర్ స్థానంలో ఊరిపేరు వస్తుందనుకోండి. చెన్నై వస్తే ‘చెన్నైకి’ అనాలి, బెంగళూరు వస్తే ‘బెంగళూరుకు’ అనాలి. విభక్తి అతికిస్తే ఏదో ఒకటి తప్పుతుంది. అందుకే వాక్యాన్నే మార్చండి: ‘గమ్యం:’ అని రాసి పక్కన ప్లేస్‌హోల్డర్ పెట్టండి, లేదా దాని తర్వాత ‘అనే ఊరికి’ అనండి. ఒకే వాక్యంలో రెండు ప్లేస్‌హోల్డర్లుంటే మన వాక్యంలో వరుస తరచూ తిరగబడుతుంది. వాటికి సంఖ్యో పేరో ఉంటే నిశ్చింతగా తిప్పండి. లేకపోతే తిప్పకుండా, సంఖ్యలు చేర్చమని మూల వాక్యం కింద వ్యాఖ్య పెట్టండి. అది మెయింటెయినర్‌కి, అంటే ప్రాజెక్టును చూసుకునేవాళ్లకి, చేరుతుంది.

‘ఓపెన్’ అనే ఒక్క మాట ‘తెరువు’ కావచ్చు, ‘తెరిచి ఉంది’ కావచ్చు. స్క్రీన్‌షాట్ జతచేసి ఉంటే పక్కనే కనిపిస్తుంది. చాలా ప్రాజెక్టులు జతచేయవు, ఇది నిజంగా ఇబ్బంది. అప్పుడు సోర్స్ లింకు ఇచ్చి ఉంటే దాన్ని తెరిచి, అది బటనా స్థితా చూడండి. అప్పటికీ తేలకపోతే సేవ్ చేయకుండా సూచనగా వదలండి.

‘సాఫ్ట్‌వేర్’ లాంటి మాటల్లో పొల్లు తర్వాత అక్షరం ఒత్తుగా మారకుండా జీరో విడ్త్ నాన్ జాయినర్ (అక్షరాలు కలవకుండా ఆపే, కంటికి కనిపించని గుర్తు) కావాలి. ఎడిటర్ అభిరుచుల్లో ప్రత్యేక అక్షరాల జాబితాకి దాన్ని చేర్చుకుంటే బటన్‌గా వస్తుంది. ఈ పని లాప్‌టాప్ మీదే సుఖం. పర్పుల్ లైన్‌లో వైట్‌ఫీల్డ్ నుంచి మెజెస్టిక్ వెళ్లేటప్పుడు ఫోన్‌లో ఒకటి రెండు మాటల బటన్లు చేసుకోవచ్చు, పొడవాటి వాక్యాలు మాత్రం వద్దు.

పదకోశం సౌకర్యం బాగుంది, నింపేవాళ్లు ఉంటేనే. మొదలుపెట్టే ముందే ‘సేవ్’, ‘డిలీట్’, ‘సెట్టింగులు’ లాంటి ఇరవై ముప్పై మాటలు అందులో పెట్టండి. ‘భద్రపరచు’ అనాలా ‘భద్రపరచండి’ అనాలా కూడా అప్పుడే తేల్చుకోండి. సగం దారిలో మార్చితే ఒకే తెర మీద ఒక బటన్ ‘నువ్వు’ అని, ఇంకోటి ‘మీరు’ అని పిలుస్తున్నట్టుంటుంది.

జాబితాలో తెలుగు లేకపోతే కొత్త అనువాదం మొదలుపెట్టే బటన్ చూడండి. కొన్ని ప్రాజెక్టుల్లో ఫైలు వెంటనే పుడుతుంది, కొన్నిటిలో మెయింటెయినర్ అనుమతి కావాలి. రిపోజిటరీలో (ప్రాజెక్టు కోడ్ ఉండే చోట) మెర్జ్ ఘర్షణ వచ్చి, అంటే రెండు మార్పులు ఢీకొని, ప్రాజెక్టులో ఆ భాగానికి తాళం పడితే మీరు చేయగలిగింది లేదు, వాళ్లు తీసేదాకా ఆగాలి. నా మార్కులు అయిదుకి నాలుగు.