కాలేజీ ఇంగ్లీషు కోర్సు: మూడేళ్ల తర్వాత నాకు మిగిలింది ఆ ల్యాబ్ గంటే

కాలేజీలో రెండో భాషగా ఇంగ్లీషు కోర్సు రెండు సెమిస్టర్లు చదివాను. ఆ తర్వాత రెండేళ్లు మామూలు డిగ్రీ క్లాసుల్లో, అక్కడ నేర్చుకున్న ఇంగ్లీషుతోనే నెట్టుకొచ్చాను. చదవడం, రాయడం, వినడం, మాట్లాడటం అని నాలుగు భాగాలుంటాయని, ముందు ప్లేస్‌మెంట్ టెస్టు పెట్టి లెవెల్ ఇస్తారని అందరికీ తెలిసిందే. నేను చెప్పదలుచుకున్నది వారానికి ఒక్కసారి వచ్చే ఉచ్చారణ ల్యాబ్ గురించి. టైమ్‌టేబుల్లో ఒకే ఒక్క గంట. ఆ గంట కోసం కోర్సంతా మళ్లీ చదవమన్నా చదువుతాను.

మొదట్లో అది నాకు అనవసరం అనుకున్నాను. టెస్టులో నాకు బీ2 వచ్చింది. భాష ఎంత వచ్చో చెప్పే సీఈఎఫ్ఆర్ అనే యూరప్ కొలతలో ఏ1 నుంచి సీ2 దాకా ఆరు మెట్లుంటే అది నాలుగోది. ఆ టెస్టంతా ఖాళీలు పూరించడం, సరైన జవాబుకు టిక్కు పెట్టడం. స్కూల్లో ఏళ్ల తరబడి గ్రామర్ చదివినవాళ్లకు అది కష్టం కాదు. నోరు తెరిచి ఒక్క ముక్క మాట్లాడమని అందులో ఎవరూ అడగలేదు.

ఐదో వారంలో గ్రూప్ ప్రెజెంటేషన్ వచ్చింది. నలుగురం. ఆదివారం లైబ్రరీ గదిలో ప్రాక్టీసు, వస్తావా అని ఫోన్ చేశారు. "ఐ క్యాన్ కమ్" అన్నాను. అపార్థానికి చోటివ్వకూడదని ఒక్కో మాటా విడివిడిగా పలికాను, "క్యాన్" అన్నది ఇంకాస్త నొక్కాను కూడా. "ఓకే, నో ప్రాబ్లమ్" అని పెట్టేశారు. ఆదివారం వెళ్తే గదికి తాళం. గంటసేపు మెట్ల మీద కూర్చున్నాను. ఎవరూ రాలేదు. నాకు కుదరదన్నానని వాళ్లు శనివారం సాయంత్రమే కూర్చుని, నా భాగం ఇంకొకరికి ఇచ్చేశారట. సోమవారం అడిగితే "నువ్వు రాలేనన్నావు కదా" అన్నారు. నేను ఒప్పుకోలేదు. కావాలనే తప్పించారనుకుని రెండు రోజులు వాళ్లతో మాట్లాడలేదు. ఆ రెండు రోజులూ అన్నం సరిగా తినలేదు. అంత బాధ.

బుధవారం ల్యాబులో మేడమ్‌కి చెప్పాను. ఆవిడ ఓదార్చే మాట ఒక్కటీ అనలేదు. ఫోన్లో అన్నట్టే మైకులో అనమన్నారు. రికార్డు చేసి హెడ్‌ఫోన్ నా చెవికి పెట్టారు. తర్వాత అదే వాక్యం ఆవిడ అన్నారు. అందులో "క్యాన్" ఎక్కడుందో నాకు వినబడలేదు. "ఐ-క్‌న్-కమ్". బరువంతా "కమ్" మీద ఉంది, మధ్య మాట దాదాపు మింగేశారు. మూడోసారి "ఐ క్యాంట్ కమ్" అన్నారు. అందులో "క్యా" నిండుగా వినిపించింది, చివరి "ట్" మాత్రం గొంతులోనే ఆగిపోయింది. అమెరికన్ యాసలో వినేవాళ్లు రాలేను అన్న సంగతిని ఆ "ట్" బట్టి కాదు, అచ్చు నిండుగా ఉందా నలిగిందా అన్నదాన్ని బట్టే ఎక్కువగా పట్టుకుంటారు. నేను స్పష్టంగా ఉండాలని నొక్కిన మాటే నా వాక్యాన్ని తలకిందులు చేసింది. నా స్నేహితులు అబద్ధం చెప్పలేదు. వాళ్లు విన్నదే చేశారు.

ఆ రోజు నుంచి ఆ గంట ఒక్కటీ మానలేదు. మేడమ్ బల్ల మీద జవాబు పత్రాల కట్టకు చుట్టిన నీలం రబ్బరు బ్యాండు ఉండేది. దాన్ని రెండు బొటనవేళ్లకు తగిలించి, బరువున్న చోట సాగదీస్తూ, మిగతా చోట వదులు చేస్తూ మాట పలికించేవారు. "అనలైజ్" అంటే మొదటి అక్షరం దగ్గర సాగాలి. "అనాలిసిస్"కి వస్తే సాగుడు రెండోదానికి మారుతుంది. "అనలిటికల్"లో మూడోది. బరువు పడని అచ్చులు చాలా చోట్ల కుంచించుకుపోయి ష్వా అనే పొట్టి ధ్వనిగా మారతాయి. ఇంగ్లీషు మాటల్లో అన్నిటికన్నా ఎక్కువసార్లు వినిపించే అచ్చు అదేనట. దానికంటూ అక్షరమాలలో ఒక అక్షరం కూడా లేదు.

తెలుగువాళ్లకు ఇది ఎందుకు కష్టమో నాకు అక్కడే అర్థమైంది. మనకు గురువో లఘువో రాతలోనే తెలిసిపోతుంది. దీర్ఘం కళ్లకు కనిపిస్తుంది. ప్రతి అక్షరానికీ దాని వాటా కాలం ఇచ్చి పలకడం మనకు పెద్దలు నేర్పిన మర్యాద. ఇంగ్లీషులో బరువు ఎక్కడో రాతలో కనిపించదు, చెవితోనే నేర్చుకోవాలి. పైగా మన మాటలు ఎక్కువగా అచ్చుతో ముగుస్తాయి కాబట్టి బస్ మన నోట్లో బస్సు అవుతుంది, రోడ్ రోడ్డు అవుతుంది. నేనూ ప్రతి వాక్యం చివర తెలియకుండా చిన్న ఉకారం తగిలిస్తున్నానని రికార్డింగు విన్నాకే తెలిసింది.

మేడమ్ పద్ధతిలో నాకు బాగా నచ్చింది ఇంకొకటి ఉంది. ఒక రికార్డింగుకి ఒక్క తప్పే చెప్పేవారు. పది దొరికినా సరే, ఒక్కటే. ఆ వారమంతా దాని మీదే.

మాట్లాడటం మెరుగవుతుందని చేరాను కానీ, ఎక్కువ మేలు జరిగింది వినడంలో. అదే నేను అనుకోనిది. అంతకుముందు లెక్చర్లో ప్రతి అక్షరం కోసం వెతుక్కుంటూ, దొరకనివాటి దగ్గరే ఆగిపోయి, తర్వాతి వాక్యం పోగొట్టుకునేదాన్ని. బరువున్న మాటలు పట్టుకుంటే మిగతావి వాటంతటవే వచ్చి కూర్చుంటాయని తెలిశాక, గంట లెక్చర్ తర్వాత వచ్చే తలనొప్పి తగ్గిపోయింది. ఫిఫ్టీన్, ఫిఫ్టీ తేడా కూడా బరువుతోనే పట్టుకోవడం అలవాటైంది. దీని తర్వాత పరీక్ష గది నంబరు తప్పు విన్నది లేదు.

కోర్సు చదువుతున్నప్పుడు గ్రామర్ క్లాసు, పదజాలం క్లాసు అద్భుతమని జూనియర్లందరికీ చెప్పాను. ఆ మాట ఇప్పుడు కాస్త తగ్గించి చెప్తాను. "ఎ", "ది" ఎక్కడ పెట్టాలో వారాల తరబడి చెప్పారు. మన భాషలో అలాంటివి లేవు కాబట్టి అవసరమే. కానీ డిగ్రీలో నా వ్యాసాలకు మార్కులు పోయింది వాదన క్రమం సరిగా లేకనే, "ది" లేక కాదు. పదాల కోసం 2000లో ఎవెరిల్ కాక్స్‌హెడ్ అనే భాషా పరిశోధకురాలు ప్రచురించిన అకడమిక్ వర్డ్ లిస్టు, అంటే పైచదువుల పుస్తకాల్లో తరచూ వచ్చే మాటల జాబితా, చదివించారు. 570 పదకుటుంబాలు, అంటే ఒక మాటా దాని నుంచి పుట్టిన రూపాలూ కలిపి ఒక కుటుంబం. చదివేటప్పుడు ఇప్పటికీ అక్కరకొస్తున్నాయి. బరువు ఎక్కడో చెప్పకుండా అర్థం మాత్రమే నేర్పడంతో సగం మాటలు చూస్తే తెలిసేవి, వింటే తెలిసేవి కావు.

ల్యాబు గురించి కూడా ఒక మాట ఉంది. రెండో సెమిస్టర్ సగంలో మేడమ్ వెళ్లిపోయారు. ఆ స్థానంలో ఉచ్చారణకు మార్కులిచ్చే సాఫ్ట్‌వేర్ పెట్టారు. నా పాత "ఐ క్యాన్ కమ్"ని అదే నొక్కుడుతో దానికి వినిపించాను. మూడు మాటలకూ మూడు పచ్చ టిక్కులు ఇచ్చింది. విడివిడిగా చూస్తే మూడూ తప్పు లేనివే మరి. అందుకే నేను ఇంతగా మెచ్చుకుంటున్నది ల్యాబునా, మేడమ్‌నా అంటే కచ్చితంగా చెప్పలేను.

నాకప్పుడు ఉద్యోగం లేదు, పిల్లల బాధ్యత లేదు. రాత్రిళ్లు అదే వాక్యాన్ని ఇరవైసార్లు రికార్డు చేసుకునే తీరిక ఉండేది. చదవడం, రాయడం అప్పటికే వచ్చు. పని చేసుకుంటూ సాయంత్రం క్లాసులకు వచ్చేవాళ్లకు, అక్షరాల దగ్గర నుంచి మొదలుపెట్టేవాళ్లకు ఇదే కోర్సు ఎలా ఉంటుందో నా అనుభవం చెప్పదు. నాలాంటి పరిస్థితిలో ఉన్నవాళ్లయితే చేరే ముందు ఆఫీసులో ఒక్కటి అడగండి: ల్యాబులో మన గొంతు విని తప్పు చెప్పేది మనిషేనా? అవునంటే చేరిపోండి. కాదంటే ఫీజు కట్టే ముందు ఒక్క ల్యాబ్ క్లాసులో కూర్చోనిస్తారేమో కనుక్కోండి.