లూవ్ర్‌కి ఏ టికెట్ మేలు?

పారిస్ వెళ్లే మనవాళ్లకు హోటల్ బుకింగ్ కంటే ఎక్కువ టెన్షన్ పెట్టేది లూవ్ర్ మ్యూజియం టికెట్టే. 2024లో 87 లక్షల మంది చూశారు దాన్ని. రోజుకు 30 వేల మందినే రానిస్తామని పరిమితి పెట్టుకున్నారు కాబట్టి, అక్కడికెళ్లాక చూసుకుందాంలే అంటే కుదరదు.

మ్యూజియం సొంత వెబ్‌సైట్‌లో కొనడం తిరుమల 300 రూపాయల దర్శనం బుక్ చేసుకున్నట్టే: తేదీ, టైం ఎంచుకుని డబ్బు కట్టేయడమే. యూరప్ బయటి నుంచి వెళ్లే మనలాంటి వాళ్లకు 2026 జనవరి నుంచి 32 యూరోలు చేశారు. భారమే. 18 ఏళ్ల లోపు పిల్లలకు మాత్రం ఉచితం. వాళ్లకూ అదే టైంకి ఫ్రీ టికెట్ తీసి ఉంచండి.

ఇక పారిస్ మ్యూజియం పాస్, అంటే ఒకే పాస్‌తో పారిస్ చుట్టుపక్కల చాలా మ్యూజియాలు, ప్యాలెస్‌లు చూసే ఏర్పాటు. ఇది రోజుల లెక్కన కాదు, 48, 96, 144 గంటల లెక్కన నడుస్తుంది. మొదటి చోట అడుగుపెట్టగానే గడియారం మొదలు. సోమవారం ఓర్సే మ్యూజియానికీ వెర్సాయ్ ప్యాలెస్‌కీ సెలవు, మంగళవారం లూవ్ర్‌కి సెలవు. 48 గంటల పాస్‌ని సోమవారం పొద్దున మొదలుపెట్టారంటే సగం డబ్బులు పోయినట్టే. పైగా పాస్ చేతిలో ఉన్నా లూవ్ర్‌కి స్లాట్ విడిగా బుక్ చేయాల్సిందే. ముందు స్లాట్ దొరుకుతుందో లేదో చూసి, ఆ తర్వాతే పాస్ కొనండి. రోజుకు రెండు మూడు చోట్లు తిరిగే ఓపిక ఉన్నవాళ్లకే ఇది గిట్టుబాటు. అమ్మానాన్నలతో వెళ్తే వద్దనే అంటాను.

ఏజెంట్లు అమ్మే 'స్కిప్ ది లైన్' టికెట్ల సంగతి ఒక్క ముక్కలో చెప్పొచ్చు. తప్పేది టికెట్ కౌంటర్ లైనే. బ్యాగుల తనిఖీ లైన్ ఎవరికీ తప్పదు. మంచి గైడ్ తోడుంటే సరే, ఉత్త టికెట్‌కి ఎక్కువ పెట్టడం దండగ.

నా ఓటు వెబ్‌సైట్ టికెట్‌కే, అదీ బుధవారం లేదా శుక్రవారం సాయంత్రానికి. ఆ రెండు రోజులు రాత్రి 9 దాకా తెరిచి ఉంటుంది. పొద్దున 9కి తలుపు తీయగానే జనమంతా మోనాలిసా వైపే పరుగు. ఆ గదిలో మళ్లీ తాళ్లు కట్టిన క్యూ ఉంటుంది, దాన్ని ఏ టికెట్టూ తప్పించదు. తీరా చూస్తే ఆ బొమ్మ ఎత్తు 77 సెంటీమీటర్లే. దానికి ఎదురుగోడ నిండా ఉన్న, ఇటలీ చిత్రకారుడు వెరోనీజ్ గీసిన పెళ్లివిందు చిత్రం లూవ్ర్‌లోనే అతి పెద్దది. సెల్ఫీల హడావుడిలో చాలామంది దానికి వీపు పెట్టి నిలబడతారు. సాయంత్రం రద్దీ పలచబడ్డాక అయితే రెండూ తీరిగ్గా చూడొచ్చు. పిల్లలు ఆ వేళకి అలిసిపోతారనుకుంటే పొద్దున మొదటి స్లాటే తీసుకోండి, కాకపోతే మోనాలిసాని చివర్లో పెట్టుకోండి.