పాత 1911, పాత హై పవర్: ఏళ్ల తరబడి ఉంచుకోవడానికి ఏది మేలు?

రెండూ అమెరికా ఆయుధ రూపకర్త జాన్ బ్రౌనింగ్ బుర్రలో పుట్టిన పిస్టళ్లే. 1911ను అమెరికా సైన్యం దాని పేరులో ఉన్న ఏడాదే తీసుకుంది. 1985లో ఇటలీ కంపెనీ బెరెటా పిస్టల్‌ను ఎంచుకునేదాకా వాళ్ల ప్రధాన పిస్టల్ అదే. హై పవర్ పూర్తికాకుండానే బ్రౌనింగ్ 1926లో చనిపోయాడు. బెల్జియంలోని ఎఫ్‌ఎన్ కంపెనీలో డ్యుడొనే సైవ్ దాన్ని ఒక కొలిక్కి తెచ్చాడు, 1935లో బయటికొచ్చింది. ఏది గొప్పదన్న వాదన తెగేది కాదు. లైసెన్సు మీద ఒకటి కొని, దాన్ని తానే చూసుకోవాల్సిన మనిషి అడగాల్సింది వేరే: ముందు ఏ భాగం అరుగుతుంది, అరిగితే నేను మార్చుకోగలనా?

విప్పడంలో సుఖం హై పవర్‌దే. మ్యాగజైన్ (తూటాల పెట్టె) తీసి, చాంబర్ (తూటా కూర్చునే గది) ఖాళీ అని కళ్లతో చూసుకుని, స్లైడ్ (పైన ముందుకీ వెనక్కీ జరిగే భాగం) వెనక్కి లాగి సేఫ్టీ మీటతో ఆపి, స్లైడ్ స్టాప్ (స్లైడ్‌ను పట్టి ఉంచే అడ్డపిన్ను) ఊడదీస్తే పని అయిపోయినట్టే. 1911లో బ్యారెల్ బుషింగ్ (గొట్టం ముందు కొసన ఉండే కట్టు) తిప్పాలి. దాని వెనక స్ప్రింగ్‌ను అణిచి ఉంచే చిన్న మూత వేలు జారిందంటే ఎగిరి ఏ బీరువా కిందో తేలుతుంది. నా మొదటిసారి అది కళ్లద్దాలకు తగిలింది, అద్దాలున్నందుకు బతికిపోయాను. తిరిగి బిగించేటప్పుడు స్లైడ్ స్టాప్‌ను కంగారుగా తోస్తే ఫ్రేమ్ (పిడితో కలిసి ఉండే కింది భాగం) మీద నెలవంకలా గీత పడుతుంది. పాతది కొనేముందు ఆ గీత ఉందేమో చూడండి. ఉంటే పిస్టల్ పాడైనట్టు కాదు, కానీ విప్పినవాడి చెయ్యి ఎలాంటిదో తెలుస్తుంది.

1911లో అసలు పేచీ ఎక్స్‌ట్రాక్టర్‌తో, అంటే కాల్చిన తూటా ఖాళీ షెల్‌ను బయటికి లాగే కొక్కెంతో. దానికి విడిగా స్ప్రింగ్ లేదు. స్లైడ్ లోపల ఉండే పొడవాటి ఉక్కు కడ్డీ, దాని వంపే దాని బిగువు. వంపు సడలితే ఖాళీ షెల్ సరిగా బయటికి రాదు. స్లైడ్ విడిగా తీసి, డమ్మీ (మందు లేని) తూటా అంచును ఆ కొక్కెం కిందకి తోసి మెల్లగా ఊపితే జారిపోకూడదు. జారితే కడ్డీని కొద్దిగా వంచి బిగువు తెచ్చుకోవచ్చు, రెండు మూడు ప్రయత్నాల్లో చేతికి వస్తుంది. హై పవర్‌లో కూడా మొదట్లో లోపలి ఎక్స్‌ట్రాక్టరే ఉండేది, 1962లో స్ప్రింగుతో బయటికి తెచ్చారు. అందుకే నేనైతే 1962కు ముందు హై పవర్ జోలికి పోను, పోయినా కాల్చడానికి కాదు.

అరుగుదలను తట్టుకోవడంలో 1911దే పైచేయి. 1911 వాడే .45 తూటా ఒత్తిడి పరిమితి 21,000 పీఎస్‌ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు), హై పవర్ వాడే 9 ఎంఎంకి 35,000. పాత హై పవర్‌లో ప్లస్ పీ అని రాసున్న, మామూలుకన్నా ఎక్కువ ఒత్తిడి తూటాలు వేయడం చేతులారా చేసుకునే నష్టం. కాల్చగానే బ్యారెల్ కిందకి దిగి స్లైడ్‌ను వదలాలి; 1911లో దాన్ని దించేది చిన్న లింకు, ఒక పిన్ను. అరిగితే మార్చేయొచ్చు. హై పవర్‌లో ఆ పని చేసే అడ్డుకడ్డీ ఫ్రేమ్‌లోనే స్థిరంగా ఉంటుంది, అది అరిగితే ఇంట్లో అయ్యే పని కాదు. అలాగని పాత 1911లన్నీ మొండి ఘటాలు కావు. రెండో ప్రపంచ యుద్ధంనాటి స్లైడ్లను మొత్తంగా గట్టిపరచలేదు, వాటితో వేలకొద్దీ కాల్చకపోవడమే మంచిది. ఏదైనా సరే, రికాయిల్ స్ప్రింగ్ (వెనక్కి వచ్చిన స్లైడ్‌ను ముందుకు తోసే స్ప్రింగ్) చవకైన భాగం. కొన్న రోజే కొత్తది వేసి, తర్వాత రెండు మూడు వేల తూటాలకోసారి మార్చుకుంటే ఫ్రేమ్‌కు దెబ్బ తగ్గుతుంది. తీసిన అసలు భాగాలు పారేయకండి, సంచిలో వేసి పేరు రాసి పెట్టుకోండి.

విడిభాగాల దగ్గర పోటీయే లేదు. 1911 భాగాలు ఇప్పటికీ ఎన్నో కంపెనీలు చేస్తున్నాయి, కాకపోతే కొన్నింటిని ఆకురాయితో రుద్ది కుదుర్చుకోవాలి. అసలు హై పవర్ తయారీ ఆగిపోయింది. 2022లో ఎఫ్‌ఎన్ అదే పేరుతో తెచ్చిన కొత్త పిస్టల్ భాగాలు పాతదానికి సరిపోవు.

నెలనెలా కాల్చే అలవాటుండి, చెయ్యి నల్లబడినా పర్లేదనుకుంటే 1911 తీసుకోండి. ఏడాదికి ఒకటి రెండుసార్లు బయటికి తీసేవాళ్లకు 1962 తర్వాతి హై పవర్ హాయి. ఏది తీసుకున్నా తోలు హోల్స్టర్ (పిస్టల్ ఒర)లో పెట్టి బీరువాలో దాచకండి. తోలు తేమను పట్టుకుంటుంది. ఆరు నెలల తర్వాత తీసి చూస్తే, తోలు ఆనుకున్నచోటల్లా ఎర్రటి తుప్పు చుక్కలు కనిపిస్తాయి.