ఇంటి కంప్యూటర్‌లో లినక్స్ మింట్: తెలుగు రాసేవారి దృష్టితో

బెంగళూరులోని మా ఇంటి కంప్యూటర్‌ను విండోస్ 10 నుంచి, ఉచితంగా దొరికే మరో ఆపరేటింగ్ సిస్టమ్ లినక్స్ మింట్ 21కు మార్చాం. ఆ తర్వాత మింట్ 22 వేసుకుని, ఇప్పటికీ దాన్నే రోజూ వాడుతున్నాం. కంప్యూటర్‌లో ఉన్నది ఇంటెల్ ఆరో తరం కోర్ ఐ5. మైక్రోసాఫ్ట్ విండోస్ 11 కోసం ప్రకటించిన ప్రాసెసర్ల జాబితాలో అది లేదు. విండోస్ 10కు మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగుస్తుందని ముందే తెలిసినందువల్ల, ఎస్‌పీ రోడ్డులో ఒక ఎస్‌ఎస్‌డీ (కొత్త రకం వేగవంతమైన డిస్కు) కొని మింట్‌ను దానిలో ఎక్కించి, విండోస్ ఉన్న పాత డిస్కును అలాగే ఉంచాం.

బ్రౌజరు, బ్యాంకు పనులు, వీడియోలు ఏ ఇబ్బందీ లేకుండా నడుస్తున్నాయి. పాత లేజర్ ప్రింటర్‌కు డ్రైవరు అమర్చడం మాత్రం కొంత శ్రమ పెట్టింది. మా ఇంట్లో అసలు పరీక్ష తెలుగు రాత.

మా ఆవిడ ఇన్‌స్క్రిప్ట్‌లో టైపు చేస్తుంది. అది భారత ప్రభుత్వం ప్రామాణికంగా నిర్ణయించిన కీబోర్డు అమరిక కనుక, విండోస్‌లో అలవాటైన మీటలే ఇక్కడా పనికివచ్చాయి. నాకు రైస్ విశ్వవిద్యాలయంలో పుట్టిన, ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు టైపు చేసే ఆర్‌టీఎస్ పద్ధతి అలవాటు. లినక్స్‌లో వేర్వేరు భాషల టైపింగును నడిపే ఐబస్ ప్రోగ్రాముతోపాటు, ఆయా టైపింగు పద్ధతులుండే ఎం17ఎన్ ప్యాకేజీ వేసుకుంటే అదీ దొరుకుతుంది. ఒక్కసారి అమర్చుకున్నాక నెట్ లేకపోయినా ఏ ప్రోగ్రాములోనైనా నేరుగా తెలుగు రాసుకోవచ్చు. వత్తులు, గుణింతాలు సక్రమంగానే కనిపిస్తాయి.

వర్డ్‌కు బదులుగా ఇక్కడ వాడే లిబ్రేఆఫీస్‌లో ఒక విషయం ముందే తెలుసుకోవాలి. ఇంగ్లీషుకు ఒక ఫాంటు, భారతీయ భాషలకు మరొక ఫాంటు అది వేర్వేరుగా గుర్తుపెట్టుకుంటుంది. భాషల అమరికల్లో 'కాంప్లెక్స్ టెక్స్ట్ లేఅవుట్' ఎంచుకుని తెలుగు ఫాంటును విడిగా నిర్ణయిస్తేనే కొత్త పత్రాలన్నీ ఒకే తీరున వస్తాయి. వర్డ్‌లో గౌతమి ఫాంటుతో చేసిన పత్రం ఇక్కడ తెరిస్తే, ఆ ఫాంటు లేనందువల్ల వేరొకటి వచ్చి చేరి పంక్తులూ పుటలూ జరిగిపోతాయి. ఉచితంగా దొరికే మండలి ఫాంటును రాసేవారూ చదివేవారూ ఇద్దరూ వేసుకుంటే ఈ చిక్కు చాలావరకు తీరుతుంది.

తీరనిది అను ఫాంట్ల సమస్య. మా తెలుగు సంఘం ఉగాది సంచికను అచ్చువేసే ప్రెస్సు ఇప్పటికీ అనులోనే ఫైళ్లు అడుగుతుంది. అందులోని అక్షరాలు యూనికోడ్ (అన్ని కంప్యూటర్లూ ఒకేలా గుర్తించే ప్రమాణం) తెలుగు కావు, ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో కూర్చోబెట్టిన తెలుగు రూపాలు. దాన్ని టైపు చేసే ప్రోగ్రాము విండోస్‌కోసం తయారైనది. మార్పిడి సాధనాలు ఉన్నాయి గానీ, మార్చిన ప్రతి పుటనూ అక్షరం అక్షరం చదివి దిద్దుకోవలసిందే. అందుకే సంచిక పనికి మాత్రం నెట్ తీసేసి పాత విండోస్ డిస్కుతోనే కంప్యూటర్‌ను నడుపుతున్నాం. డీటీపీ పని చేసి బతికేవారికి ఈ మార్పు నేను సూచించను. తెలుగులో ఉత్తరాలు, వ్యాసాలు, కథలు రాసుకునేవారికి నిస్సంకోచంగా సూచిస్తాను.

2024 జులైలో వచ్చిన మింట్ 22కు 2029 వరకు భద్రతా నవీకరణలు అందుతాయి. మారేవారు టైమ్‌షిఫ్ట్‌ను మొదటి రోజే అమర్చుకోవాలి. ఏ నవీకరణైనా బెడిసికొడితే వ్యవస్థను వెనకటి స్థితికి తెచ్చేది అదే. అయితే మనం విడిగా చెబితే తప్ప అది సొంత పత్రాలను దాచదు కనుక, రాసిన ఫైళ్లను వేరే డిస్కులోకి మనమే నకలు తీసుకోవాలి.